ఒక మెట్టు తక్కువైతే: జె.బి.ఎస్. హాల్డేన్ కథ

మా చిన్నమ్మ కొడుక్కి ఇప్పుడు ఆరేళ్ళు. రామకుప్పంలో మా ఇంటికి రెండు వీధుల అవతలే ఉంటారు. వాడు పుట్టిన కొత్తలో గుడ్డలు తడిపితే కాసేపటికి ఆ తడి నల్లగా మారేది. మొదట అందరూ భయపడినారు. దిష్టి తీసినారు, తాయత్తు కట్టినారు. చివరికి ఒక డాక్టర్ టెస్టులు చేయించి దానికి ఆల్కాప్టోన్యూరియా అని పేరు చెప్పినాడు. చిన్నమ్మని మా అవ్వ తమ్ముడికే ఇచ్చి చేసినారు. మేనమామనే చేసుకోవడం మా వైపు కొత్తేమీ కాదు. కానీ ఆ రోజు నుంచి చుట్టాలందరూ చిన్నమ్మ వైపు ఒక రకంగా చూడటం మొదలుపెట్టినారు, తప్పేదో తను ఒక్కతే చేసినట్టు.

ఇంతకీ ఆ జబ్బు ఏంటంటే, మనం తినే పప్పులో, పాలల్లో టైరోసిన్ అనే పదార్థం ఉంటుంది. శరీరం దాన్ని ఒక్కసారిగా విరగ్గొట్టదు. మెట్లు దిగినట్టు ఒక్కో మెట్టు దగ్గర కొంచెం కొంచెం మారుస్తుంది. ఒక్కో మెట్టుకీ ఒక్కో ఎంజైమ్ కావాలి. ఈ మెట్ల వరసనే బయోకెమికల్ పాత్‌వే అంటారు. మావాడి ఒంట్లో ఆ వరసలో ఒక మెట్టు లేదు. అందుకని దాని ముందున్న పదార్థం పోగుపడి మూత్రంలో బయటికి వస్తుంది, గాలి తగిలితే నల్లబడుతుంది.

ఈ సంగతి ఒక రాత్రి హాస్టల్‌లో చెప్పినాను. మా రూమ్మేట్ వెంటనే ఒక పాయింట్ లేవదీసినాడు. పది మెట్లున్న పాత్‌వేలో ఒక్కటి లేకపోతే పని జరగదు కదా, మరి పరిణామం ఆ పది మెట్లనీ ఒక్కొక్కటిగా ఎలా కట్టింది, సగం కట్టిన పాత్‌వే వల్ల ఏం లాభం అని. మన ప్రోగ్రామ్‌లో ఒక లైన్ తీసేస్తే కంపైల్ కూడా కాదు కదా అని కూడా అడిగినాడు. నేను ఇంటర్‌లో ఎంపీసీ. బయాలజీ పదో తరగతితో వదిలేసినాను. నా దగ్గర జవాబు లేదు. వెతుకుతూ పోతే ఒక మనిషి దగ్గర ఆగినాను. ఆయన పుట్టింది ఇంగ్లాండ్‌లో, చివరికి ఆయన శరీరం చేరింది మన కాకినాడకి.

గనిలో చదివిన పాఠం

జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్ 1892 నవంబర్ 5న ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టినాడు. అందరూ జె.బి.ఎస్. అనేవాళ్ళు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ ఊపిరి గురించి, బొగ్గు గనుల్లో విషవాయువుల గురించి పరిశోధన చేసే శాస్త్రవేత్త. ఆయనకి ల్యాబ్‌లో ఎలుక దొరక్కపోతే తనే ఎలుక, లేదంటే కొడుకు ఎలుక.

ఒకసారి పిల్లవాడిని గనిలోకి తీసుకెళ్ళి, మీథేన్ నిండిన చోట నిలబెట్టి, షేక్‌స్పియర్ నాటకంలోని ఒక ప్రసంగం అప్పజెప్పమన్నాడు. కొన్ని లైన్లు చెప్పేసరికి ఊపిరి అందక కాళ్ళు తేలిపోయి పడిపోయినాడు. కింద పడగానే మళ్ళీ ఊపిరి ఆడింది. మీథేన్ గాలికంటే తేలిక కాబట్టి పైన ఉంటుంది, నేల దగ్గర మంచి గాలి ఉంటుంది. ఈ పాఠం హాల్డేన్ జన్మలో మర్చిపోలేదు. నేను అయితే అలాంటి నాన్న ఉంటే ఇంట్లోంచి పారిపోయేవాడిని.

విచిత్రం ఏంటంటే, ఇంత సైన్స్ ఇంట్లో ఉన్నా ఆక్స్‌ఫర్డ్‌లో ఆయన చదివింది గణితం, తర్వాత గ్రీకు, లాటిన్ సాహిత్యం. సైన్స్‌లో డిగ్రీ ఎప్పుడూ లేదు. బ్రాంచ్ తప్పు తీసుకున్నామని బాధపడేవాళ్ళు దీన్ని గోడకి అంటించుకోవచ్చు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో, ఇరాక్‌లో పోరాడినాడు. చెల్లెలు నవోమి, స్నేహితుడు స్ప్రంట్‌తో కలిసి ఎలుకల మీద చేసిన జన్యుశాస్త్ర పేపర్ 1915లో యుద్ధం మధ్యలోనే వచ్చింది. అప్పటికే స్ప్రంట్ యుద్ధంలో చనిపోయినాడు. ఇరాక్‌లో గాయపడ్డ హాల్డేన్‌ని కోలుకోవడానికి ఇండియా పంపించినారు. ఈ దేశంతో ఆయనకి అదే మొదటి పరిచయం.

లెక్కలు తెచ్చిన మార్పు

1923లో కేంబ్రిడ్జ్‌లో హాప్కిన్స్ నడిపే బయోకెమిస్ట్రీ విభాగంలో చేరినాడు. అక్కడ కూడా ఎలుక తనే. రక్తంలో ఆమ్లం పెరిగితే ఏమవుతుందో చూడటానికి అమోనియం క్లోరైడ్ తాగి, ఆయాసంతో రొప్పుతూ రీడింగ్‌లు రాసుకున్నాడు.

1925లో బ్రిగ్స్‌తో కలిసి ఎంజైమ్‌లు ఎంత వేగంగా పనిచేస్తాయో చెప్పే సమీకరణాన్ని కొత్త పద్ధతిలో రాబట్టినాడు. దాని వెనక ఆలోచన చాలా సింపుల్. కుళాయి కింద చిల్లు బకెట్ పెట్టినాం అనుకోండి. కాసేపటికి వచ్చే నీళ్ళు, పోయే నీళ్ళు సమానమై బకెట్‌లో మట్టం నిలకడగా ఉంటుంది. ఎంజైమ్‌కి అతుక్కున్న పదార్థం కూడా అంతే. ఈ రోజుకీ బయోటెక్ వాళ్ళు ఈ సమీకరణం చదవకుండా పాస్ కాలేరు.

ఆ సమయంలోనే ఇంకో పని మొదలుపెట్టినాడు. డార్విన్ చెప్పిన ప్రకృతి వరణాన్ని మాటల్లో కాకుండా లెక్కల్లో పెట్టడం. 1924 నుంచి వరసగా పేపర్లు రాసినాడు. ఆయన ఎంచుకున్న ఉదాహరణ పెప్పర్డ్ మాత్ అనే రాత్రి పురుగు. మా రామకుప్పం వైపు పట్టుపురుగులు పెంచేవాళ్ళకి ఇలాంటి పురుగు తెలుసు. చంద్రికల మీద పట్టుగూడు కట్టి, దాన్ని చీల్చుకుని బయటికొచ్చేది ఇలాంటిదే. ఇంగ్లాండ్ మాత్ తెల్లగా, మచ్చలతో ఉండేది. మాంచెస్టర్‌లో 1848లో మొదటి నల్లది దొరికింది. ఫ్యాక్టరీల మసికి చెట్లు నల్లబడేకొద్దీ నల్ల మాత్‌లు పెరిగి, ఆ శతాబ్దం చివరికి అక్కడ దాదాపు అన్నీ నల్లవే అయినాయి. ఇంత వేగంగా మారాలంటే తెల్లదానికంటే నల్లది సుమారు ఒకటిన్నర రెట్లు పిల్లల్ని మిగల్చాలని హాల్డేన్ లెక్క కట్టినాడు. అంత పెద్ద తేడా ఉంటుందని అప్పట్లో చాలామంది నమ్మలేదు. 1950లలో అడవిలో ప్రయోగాలు చేసినప్పుడు నిజంగానే అంత బలమైన తేడా కనిపించింది.

వేడి వేడి పలచని సూప్

మా రూమ్మేట్ ప్రశ్నకి దగ్గరగా వచ్చేది 1929. ఆ ఏడాది జీవం పుట్టుక గురించి హాల్డేన్ ఒక చిన్న వ్యాసం రాసినాడు. రష్యాలో ఒపారిన్ 1924లోనే ఇలాంటి ఆలోచన చేసినాడు కానీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

హాల్డేన్ వాదన ఇది. మొదట భూమి గాలిలో ఆక్సిజన్ లేదు. అందుకని ఓజోన్ లేదు. సూర్యుడి అతినీలలోహిత కిరణాలు నేరుగా నీటి మీద పడేవి. నీళ్ళు, కార్బన్ డయాక్సైడ్, అమ్మోనియా కలిసిన చోట ఆ వెలుతురుకి చక్కెరలాంటివి, ప్రోటీన్ ముక్కల్లాంటివి తయారయ్యేవి. ఇప్పుడైతే వాటిని సూక్ష్మజీవులు తినేస్తాయి. అప్పుడు తినేవాళ్ళే లేరు, అందుకే సముద్రం పలచని వేడి సూప్‌లాగా అయ్యేదాకా అవి పోగుపడినాయి. 1953లో మిల్లర్ అనే కుర్రాడు ఫ్లాస్క్‌లో వాయువులు నింపి మెరుపుల్లాంటి స్పార్క్ ఇస్తే అమైనో ఆమ్లాలు వచ్చినాయి. ఆయన వాడిన వాయువుల మిశ్రమం హాల్డేన్ చెప్పినది కాదు, కానీ దారి మాత్రం అదే.

ఈ సూప్ మీదే 1945లో నార్మన్ హోరోవిట్జ్ పాత్‌వేల గురించి ఒక అందమైన ఆలోచన కట్టినాడు. దాన్ని నేను ఇడ్లీతో అర్థం చేసుకున్నాను. ఒక ఊరిలో వీధిలో ఇడ్లీలు ఊరికే దొరుకుతున్నాయి అనుకోండి. ఎవరికీ వంట అవసరం లేదు. ఒకరోజు ఇడ్లీలు అయిపోయినాయి, పిండి మాత్రం దొరుకుతుంది. ఉడికించడం వచ్చినవాడు బతుకుతాడు. కొన్నాళ్ళకి పిండి కూడా అయిపోయింది, బియ్యం, ఉద్దిపప్పు ఉన్నాయి. రుబ్బడం కూడా వచ్చినవాడు మిగులుతాడు. ఆ తర్వాత బియ్యం కూడా లేకపోతే వరి పండించేవాడు. అంటే చివరి మెట్టు మొదట పుట్టింది, మొదటి మెట్టు చివర పుట్టింది. ప్రతి మెట్టూ పుట్టిన రోజునే పనికొచ్చింది. సగం కట్టిన మెట్లు ఎందుకూ పనికిరావు అనే మాట ఇక్కడ నిలవదు.

ఇది చదివి నేను ఎగిరి గంతేసి రూమ్మేట్‌కి చెప్పినాను. వాడు తెలివైనవాడు. మధ్యలో వచ్చే పదార్థాలన్నీ సూప్‌లో నిలవ ఉంటాయా అని అడిగినాడు. మంచి ప్రశ్న. చాలా వాటికి ఆయుష్షు తక్కువ, బయట పడితే పాడైపోతాయి. అందుకే 1976లో రాయ్ జెన్సన్ ఇంకో దారి చూపించినాడు. పాతకాలపు ఎంజైమ్‌లు ఇప్పటిలా ఒక్క పనికే కట్టుబడి ఉండేవి కాదు, నాలుగైదు పనులు అరకొరగా చేసేవి. జీన్ కాపీ అయినప్పుడు ఒక కాపీ పాత పని చూసుకుంటే, ఇంకో కాపీ ఆ అరకొర పనిలో నైపుణ్యం సంపాదిస్తుంది. మనం పాత ప్రాజెక్టులోని ఫంక్షన్‌ని కాపీ చేసి కొత్త ప్రాజెక్టుకి మార్చుకుంటాం కదా, అట్లా. రెండు దారుల్లో ఏది ఎక్కడ జరిగిందో పాత్‌వే పాత్‌వేకీ విడిగా తేల్చాల్సిందే.

కళ్ళముందు జరిగినవి కూడా ఉన్నాయి. నైలాన్ 1935లో మనిషి తయారుచేసినది. 1975లో జపాన్‌లో నైలాన్ ఫ్యాక్టరీ మురుగులో, ఆ తయారీలో మిగిలే వ్యర్థాన్ని తినే బ్యాక్టీరియా దొరికింది. అమెరికాలో లెన్‌స్కీ 1988లో 12 ఫ్లాస్క్‌లలో బ్యాక్టీరియాని పెంచడం మొదలుపెట్టినాడు. ఒక్క ఫ్లాస్క్‌లో మాత్రం సుమారు 31,500 తరాల దగ్గర, ఆక్సిజన్ ఉన్నప్పుడు కూడా సిట్రేట్ తినడం నేర్చుకున్నాయి. పాత తరాలు ఫ్రీజర్‌లో ఉన్నాయి కాబట్టి, మనం గిట్‌లో పాత కమిట్‌కి వెళ్ళినట్టు వెనక్కి వెళ్ళి మళ్ళీ నడిపించినారు. మరీ పాత తరాల నుంచి మొదలుపెడితే ఆ గుణం రాలేదు. ముందు ఏవో చిన్న మార్పులు జరిగి ఉంటేనే వచ్చింది. అంటే మెట్లు నిజంగానే మెట్లలాగే పడినాయి.

వాదించడం తెలిసిన మనిషి, ఒక్కచోట తప్పిన మనిషి

హాల్డేన్‌కి వాదన అంటే ప్రాణం. 1935లో మతవిశ్వాసి ఆర్నల్డ్ లన్‌తో నడిపిన ఉత్తరాల చర్చ పుస్తకంగా వచ్చింది. 1949లో పరిణామాన్ని ఒప్పుకోని డూవర్, డేవిస్‌లతో జరిపిన వాదన కూడా పుస్తకమే. అందులో ఆయన ఒక సాహసం చేసినాడు. చక్రం, అయస్కాంతం లాంటివి దాదాపు పూర్తిగా తయారైతే తప్ప పనికిరావు, అందుకే ప్రాణుల్లో అలాంటివి కనిపించవని ఒప్పుకున్నాడు. అంటే ఏది కనిపిస్తే తనకి ఇబ్బందో తనే ముందుగా చెప్పినట్టు.

1970లలో ఆ రెండూ కనిపించినాయి. బ్యాక్టీరియా తోక నిజంగా చక్రంలా తిరుగుతుందని తేలింది. అయస్కాంతపు గింజలున్న బ్యాక్టీరియా దొరికింది. హాల్డేన్ అప్పటికి లేడు. ఇది చూపించి ఆయన ఓడిపోయినాడు అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నాకు అర్థమైంది ఇది. ఆయన మాటలో రెండు భాగాలు ఉన్నాయి, సగం చక్రం పనికిరాదు అనేది ఒకటి, కాబట్టి చక్రం రాదు అనేది రెండోది. తప్పింది మొదటి భాగం. ఆ తోక మోటార్‌లోని చాలా భాగాలకి చుట్టాలు, వేరే బ్యాక్టీరియాలో విషం ఎక్కించే సూదిలాంటి యంత్రంలో పనిచేస్తున్నాయి. సగం చక్రం చక్రంగా పనికిరాదు, ఇంకోలా పనికిరావచ్చు. ఎంత మేధావి అయినా, నాకు ఉపయోగం తోచలేదు కాబట్టి ఉపయోగం లేదు అనుకుంటే బోల్తా పడతాడు.

1957లో ఆయన తనవైపు వాళ్ళకే ఇబ్బంది కలిగే లెక్క ఒకటి అచ్చువేసినాడు. ఒక జీన్ పాతదాన్ని తోసి అంతటా పరుచుకోవాలంటే ఎంత ఖర్చవుతుందో లెక్కించి, సగటున 300 తరాలు పట్టవచ్చు అన్నాడు. పరిణామాన్ని ఒప్పుకోనివాళ్ళు దీన్ని హాల్డేన్ డైలమా అని ఇప్పటికీ వాడుకుంటారు. తర్వాతి వాళ్ళు ఆ లెక్కలోని ఊహల్ని సవరించినారు. కానీ శత్రువుకి ఆయుధం అవుతుందని ఆయన దాచిపెట్టలేదు, అది నాకు నచ్చింది.

నచ్చనిది కూడా చెప్పాలి. ఆయన కమ్యూనిస్టు. సోవియట్ రష్యాలో లైసెంకో అనేవాడు జన్యుశాస్త్రాన్నే తప్పుపట్టి, ఆ శాస్త్రవేత్తల్ని వేటాడినాడు. హాల్డేన్‌కి తెలిసిన గొప్ప శాస్త్రవేత్త వావిలోవ్ 1943లో జైల్లో చనిపోయినాడు. 1948లో ఆ సైన్స్‌నే అక్కడ నిషేధించినప్పుడు కూడా హాల్డేన్ గట్టిగా ఖండించలేదు, నీళ్ళు నమిలినాడు. సుమారు 1950కల్లా పార్టీకి దూరమైనాడు కానీ నోరు విప్పాల్సిన టైమ్ దాటిపోయింది. డేటా ముందు ఎవరికీ తలొంచని మనిషి, తన పార్టీ ముందు తలొంచినాడు.

మన వైపు దారి

1957లో భార్య హెలెన్ స్పర్వేతో ఇండియా వచ్చేసినాడు. మహలనోబిస్ పిలుపుతో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరినాడు. కుర్తా వేసుకున్నాడు, మాంసం మానేసినాడు, తర్వాత ఈ దేశ పౌరసత్వం కూడా తీసుకున్నాడు. ఖరీదైన మెషీన్లు లేవని ఏడవకుండా, చుట్టూ కనిపించేదాన్ని లెక్కపెట్టమని శిష్యులకి నేర్పినాడు. ఒకరు కొబ్బరిచెట్టు ఆకులు కుడివైపు తిరుగుతాయా ఎడమవైపా అని లెక్కపెట్టినారు.

ఇంకొక శిష్యుడు కాకినాడ పక్కన పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు. చెవి మీద వెంట్రుకలు మొలిచే గుణం తండ్రి నుంచి కొడుక్కి ఎలా వస్తుందో ఆంధ్ర కుటుంబాల్లో చూసినాడు. ఆయన, మీరాఖాన్ కలిసి ఆంధ్రప్రదేశ్‌లో మేనరికాల మీద, మేనమామ పెళ్ళిళ్ళ మీద చేసిన అధ్యయనం 1963లో వచ్చింది. ఇక్కడ నాకు మా చిన్నమ్మ గుర్తొచ్చింది. నల్లబడే మూత్రం గురించి 1902లో గ్యారడ్ రాసినప్పుడే, ఆ పిల్లల తల్లిదండ్రులు చాలాసార్లు దగ్గరి చుట్టాలని గమనించినాడు. జీన్లకీ ఎంజైమ్‌లకీ ఉన్న లింక్ అక్కడే ఉందని ముందుగా గుర్తించిన కొద్దిమందిలో హాల్డేన్ ఒకడు. పాడైన కాపీ ఒకటే ఉంటే ఏమీ కాదు. అమ్మ దగ్గర ఒకటి, నాన్న దగ్గర ఒకటి ఉంటే, ప్రతి బిడ్డకీ నాలుగింట ఒక వంతు అవకాశం. దగ్గరి చుట్టాల్లో ఇద్దరి దగ్గరా అదే కాపీ ఉండే అవకాశం ఎక్కువ. ఇందులో అమ్మ తప్పు సగం కాదు, పావు కాదు, అసలు తప్పే లేదు. ఉన్నది లెక్క.

1962లో హాల్డేన్ భువనేశ్వర్‌కి మారి అక్కడ ల్యాబ్ మొదలుపెట్టినాడు. 1963 అక్టోబర్‌లో అమెరికాలోని ఫ్లోరిడాలో జీవం పుట్టుక మీద సమావేశం జరిగితే వెళ్ళినాడు. ఒపారిన్, ఆయన మొదటిసారి ఎదురుపడింది అక్కడే, ఒకే ఆలోచన చేసిన ముప్పై ఏళ్ళ పైచిలుకు తర్వాత. మొదటి జీవికి బ్లూప్రింట్ రాయాలంటే కనీసం ఎంత డేటా కావాలి అనేది అక్కడ హాల్డేన్ తీసుకున్న విషయం. సీఎస్ఈ వాళ్ళం ఇది గమనించాలి.

ఆ తర్వాత పేగు క్యాన్సర్ బయటపడింది. లండన్‌లో ఆపరేషన్ అయింది. ఆసుపత్రి మంచం మీదే తన క్యాన్సర్ మీద నవ్వు పుట్టించే పద్యం రాసి 1964లో అచ్చు వేయించినాడు, దాచుకోకుండా త్వరగా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి అని జనానికి చెప్పడానికి. 1964 డిసెంబర్ 1న భువనేశ్వర్‌లో కన్నుమూసినాడు. ఆయన కోరిక ప్రకారం శరీరాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చినారు. బతికినన్నాళ్ళూ తన ఒంటి మీదే ప్రయోగం చేసుకున్న మనిషి, పోయాక కూడా పాఠమే అయినాడు. చదువుకున్నది మన తెలుగు పిల్లలు.

మళ్ళీ మా వాడి దగ్గరికి

రూమ్మేట్‌తో వాదన ఇంకా అయిపోలేదు. కానీ ఒక్క మాట మీద ఇద్దరం ఒప్పుకున్నాం. ఒక మెట్టు తీసేస్తే మొత్తం ఆగిపోతుంది అనేది ప్రతిచోటా నిజం కాదు. కొన్ని మెట్లు పోతే బిడ్డ బతకదు, అది నిజం. కానీ మావాడి ఒంట్లో ఆ మెట్టు పుట్టినప్పటి నుంచీ లేదు, వాడు మాత్రం సాయంత్రమైతే బ్యాట్ పట్టుకుని వీధిలోనే. పెద్దయ్యాక కీళ్ళు, వెన్ను అరిగే ప్రమాదం ఉంది. దానికి నిటిసినోన్ అనే మందుని 2020లో యూరప్‌లో పెద్దవాళ్ళకి అనుమతించినారు. ఆ మందు చేసేది ఏంటో తెలుసా? పాత్‌వేలో ఇంకా పైనున్న మెట్టుని కూడా మూసేయడం. టైరోసిన్ పెరుగుతుంది కాబట్టి తిండి జాగ్రత్త కావాలి, కానీ మనిషి బాగానే ఉంటాడు. ఇది పరిణామాన్ని నిరూపించదు. మా రూమ్మేట్ కంపైల్ ఎర్రర్ పోలిక మాత్రం ఇక్కడ పనిచేయదు.

దసరా సెలవులకి పోయినప్పుడు ఈ నాలుగింట ఒక వంతు లెక్కని పలక మీద గీసి చిన్నమ్మకి చూపించినాను. రెండు గడులు అటు, రెండు గడులు ఇటు. మా అవ్వ కూడా పక్కనే కూర్చుని చూసింది. చిన్నమ్మ ఏమీ మాట్లాడలేదు. పలక తీసుకుని, తుడవకుండా, దేవుడి గూటి పక్కన పెట్టుకుంది.